మా వదిన థాంక్స్ చెప్పిన రోజు

మా ఆడపడుచు వాండా పోర్ట్ రిచ్‌మండ్‌లో బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం చేసేది. ఫిలడెల్ఫియా నగరం ఆమెకి ఒక పసుపుపచ్చ చొక్కా, ఒక ఈల, చేత్తో పట్టుకునే ఎర్ర పలక ఇచ్చింది. నోరు మాత్రం ఆమె సొంతం. ఆ నోటికి జడిసి చెత్త లారీలు కూడా మా సందు మలుపులో పిల్లుల్లా నడిచేవి. ఒకసారి మా చర్చి పండగకి వస్తున్న బిషప్పు గారి కారు తెల్ల గీత దాటి ఆగింది. వాండా ఈల ఊది, పలక ఎత్తి, కారుని వెనక్కి పంపింది. డ్రైవరు అద్దం దించి, లోపల ఎవరున్నారో చెప్పబోయాడు.

"ఆయన బిషప్పైతే బలిపీఠం దగ్గర. ఇక్కడ గీత వెనకే" అంది.

బిషప్పు గారు వెనక సీట్లోంచి ఆశీర్వదించారు. వాండా తిరిగి చూడలేదు. పిల్లలు దాటుతున్నారు మరి.

నేను ఆమె తమ్ముడు స్టాన్‌ని చేసుకున్నాను. వాళ్లు పోలిష్ వాళ్లు, నేను ఐరిష్ పిల్లని. పెళ్లి విందులో ఆమె నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి, "ఒరే స్టాన్, ఈ పిల్లకి వంట వచ్చా, లేక కనిపించిందల్లా నీళ్లలో పడేసి ఉడకబెడుతుందా?" అని అడిగింది. ఆ రోజు నుంచి మా వదినా మరదళ్ల వరస అక్షరాలా కుదిరింది. నేను మా అత్తగారి దగ్గర కూర్చుని, బంగాళాదుంప, చీజ్ కూరి చేసే పీరోగీలు నేర్చుకున్నాను. ప్రతి క్రిస్మస్‌కీ చేసి పెట్టాను. వాండా ఒకదాన్ని ఫోర్కుతో పైకెత్తి, పళ్లెంలోకి వదిలి, "విన్నారా చప్పుడు?" అని అందరి మొహాలూ చూసేది. ఆ తరవాత పళ్లెం ఖాళీ చేసేది. బాగుందని మాత్రం ఒక్కనాడూ అనలేదు. థాంక్స్ అనే మాట ఆమె నోట నా కోసం ఎప్పుడూ రాలేదు. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఆమె భర్త ఎడ్ పోయాక, పిల్లలు లేరు కాబట్టి, ఆ గోడ మీద చేత్తో బాదితే నేను వెళ్లాలన్నది మా ఇంటి చట్టం.

జబ్బు బయటపడింది కూడా రోడ్డు మీదే. ఒక అక్టోబరు పొద్దున ఆమె పలక ఎత్తి నాలుగు వైపులా బళ్లు ఆపింది. పిల్లలు దాటారు. బడి గంట కొట్టారు. ఆమె పలక దించలేదు. నాలుగు వైపులా కార్లు బారులు తీరాయి. ఒక్కడూ హారన్ కొట్టలేదు. వాండా దగ్గర హారన్ కొట్టినవాడి గతేమిటో అందరికీ తెలుసు. చివరికి బస్సు డ్రైవరు దిగి, టోపీ తీసి చేతిలో పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"వాండా గారూ, మేం వెళ్లొచ్చా అండీ?"

ఆమె తన చేతిలో పలకని ఎవరిదో అన్నట్టు చూసింది. "దీన్ని ఎటు తిప్పాలి?" అంది.

అతనే అంబులెన్సు పిలిచాడు. తలలో కణితి అన్నారు. దాని పేరు గ్లయోబ్లాస్టోమా. మెదడులో పుట్టే కేన్సర్లలో మహా మొండిది. కోసి తీశారు, కిరణాలు పెట్టారు, మాత్రలు మింగించారు. వాండా జుట్టు రాలిన చోట పోలిష్ క్లబ్బు వాళ్ల టోపీ పెట్టుకుని మళ్లీ మలుపులోకి వెళ్లి నిలబడింది, జీతం లేకపోయినా. కొత్తగా పెట్టిన అమ్మాయి ఈల సరిగ్గా ఊదడం లేదట. మరుసటి ఏడాది ఎండాకాలానికల్లా ఆమె ఎడమ చెయ్యి కప్పు పట్టుకోలేకపోయింది. కణితి మళ్లీ వచ్చింది.

నది అవతల పెద్ద ఆసుపత్రిలో డాక్టర్ ఫెన్విక్ అని ఒకావిడ ఉంది. మనిషి బాగా పొడుగు, చిన్న గొంతు. వాండా మొదటి చూపులోనే ఆమెకి కరెంటు స్తంభం అని పేరు పెట్టింది. ఆ స్తంభం కుర్చీ దగ్గరికి లాక్కుని, దాచకుండా చెప్పింది. రెండోసారి వచ్చినప్పుడు దీనికి గట్టి మందు లేదు. కానీ ఒక ప్రయోగం జరుగుతోంది. మన రక్తంలో రోగాలతో పోరాడే కణాలుంటాయి. వాటిని బయటికి తీసి, కణితిని గుర్తుపట్టేలా మార్చి, పెంచి, మళ్లీ తలలోకి పంపుతారు.

"నా కణాలేనా?" అంది వాండా.

"మీవేనండీ."

"మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు అవి? ఎదురుగా దొంగ తిరుగుతుంటే?"

"కణితి వాటికి సొంతమనిషిలా కనిపిస్తుందండీ. అందుకని పక్కనుంచే వెళ్లిపోతాయి."

"అంటే వాటికి చొక్కా తొడిగి, ఈల ఇచ్చి, ఏ కారు ఆపాలో చెప్పి పంపుతారు. అంతేగా?"

డాక్టరు నా వైపు, స్టాన్ వైపు చూసి, "ఇంతకంటే బాగా నేను చెప్పలేను" అంది. తరవాత ఇంకా నెమ్మదిగా, ఇది తొలి దశ అనీ, ఈ మందు ముందుగా ప్రాణం మీదికి తేకుండా ఉంటుందా, ఎంత ఇవ్వాలి అన్నదే చూస్తున్నామనీ, మీకు మేలు జరుగుతుందని మాట ఇవ్వలేననీ చెప్పింది.

"అయితే నేను ఎలుకనన్నమాట."

"ఎలుకల వంతు అయిపోయిందండీ."

"అవి బతికాయా?"

"కొన్ని."

స్టాన్ కళ్లు తుడుచుకుంటున్నాడు. వాండా తమ్ముడి మోకాలి మీద ఒక్కటి వేసి, "ఏడవకురా, పేపరు తడుస్తుంది" అని సంతకం పెట్టేసింది.

కణాలు తీసేరోజు ఒక చేతిలోంచి రక్తం యంత్రంలోకి, యంత్రంలోంచి రెండో చేతిలోకి. చేతులు కదపకూడదు. చేతులు కదపకుండా వాండా మాట్లాడటం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆమెకి ముక్కు దురద పెట్టినప్పుడల్లా నేను గోకాలి. "అది ముక్కా, గుమ్మమా? మెల్లిగా" అని విసుక్కుంది. తీసిన కణాలు ల్యాబుకి వెళ్లాయి. వాటిని మార్చి పెంచడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఈలోపు ఆమె నెత్తిచర్మం కింద చిన్న బుడిపె లాంటిది అమర్చారు. మందు సూదితో అందులోకి ఇస్తే తిన్నగా మెదడు చుట్టూ ఉండే నీటిలోకి వెళుతుందట.

ఆ వారాలు మా వీధికి గుర్తుండిపోతాయి. వాండా వారం వారం ఆసుపత్రికి ఫోన్ చేసి, హాస్టల్లో పిల్లల్ని వదిలిన తల్లిలా ఆరా తీసేది.

"ఎలా ఉన్నాయి నావి?"

"బాగా పెరుగుతున్నాయండీ."

"ఏం పెడుతున్నారు వాటికి?"

"చక్కెరా, ఇంకా కొన్ని పోషకాలూ కలిపిన నీళ్లండీ."

"చక్కెర నీళ్లు తాగి యుద్ధానికెళతాయా? మీరూ ఐరిషేనా ఏంటి?"

తరవాత ఆమె ఫాదర్ జిగ్మంట్ దగ్గరికి వెళ్లి, కణాల కోసం పూజ పెట్టించమంది. ఆయన పాపం ముసలాయన, చెవి మందం. ఆదివారం చర్చి కరపత్రంలో "వాండా గారి కణాల క్షేమం కొరకు" అని అచ్చయింది. బయటికి వచ్చేటప్పుడు మా సందు చివర ఉండే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "కణాలెవరే రీటా, పోలండ్ నుంచి వచ్చిన చుట్టాలా? ఏమైంది వాళ్లకి?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. చర్చి మెట్ల మీద ముక్కు చీదుకుంటూ నిలబడ్డాను. ఏడుస్తున్నాననుకుని ఆవిడ నన్ను కావలించుకుంది.

మందు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ వెళ్లాం. చల్లటి పొగలు కక్కే డబ్బాలోంచి ఒక చిన్న సంచీ తీశారు. కరిగించి సూదిలోకి ఎక్కించారు. స్టాన్ లేచి నిలబడి టోపీ తీశాడు. వాండా తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పి చూసింది.

"ఇంతేనా? మా మరదలు కాఫీలో ఇంతకంటే ఎక్కువ పాలు పోస్తుంది."

ఆ పైన ఆసుపత్రిలోనే ఉండాలి. ఈ కణాలు కణితి మీద పడి పోరాడేటప్పుడు మెదడంతా వాచిపోవచ్చు, మతి తప్పవచ్చు. అందుకని మారిసెల్ అనే ఫిలిప్పీన్స్ నర్సు వేళ తప్పకుండా వచ్చి పరీక్ష పెట్టేది. ఏ ఊరు, ఏ ఏడాది, ఇదేమిటి, అదేమిటి, వంద నుంచి పదేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టండి, ఒక వాక్యం రాయండి. వాక్యం ప్రతిసారీ అదే రాయాలి, చేతిరాత మారిందేమో చూస్తారు. ఏ వాక్యం కావాలో మీరే ఎంచుకోమన్నారు.

వాండా కుడిచేత్తో గుండ్రంగా రాసింది: రీటా చేసే పీరోగీలు రాళ్లలా ఉంటాయి.

రోజుకి ఎన్నిసార్లు పరీక్ష ఉంటే అన్నిసార్లూ అదే వాక్యం. ఆ కాగితాలు మంచం తలాపున క్లిప్పుకి వేలాడేవి. డాక్టర్లు గుంపుగా వచ్చి వాటిని పైకెత్తి చూసి, "చక్కగా ఉంది, స్పష్టంగా ఉంది" అనుకుంటూ పోయేవారు. ఒకరోజు లిఫ్టులో నేనెరగని కుర్ర డాక్టరు ఒకాయన నా మెళ్లో సందర్శకుల కార్డు మీద పేరు చూసి, "ఆ పీరోగీల రీటా మీరేనా?" అన్నాడు.

మారిసెల్ కలం చూపించి ఇదేమిటంటే వాండా, "బ్యాంకు వాళ్లు ఊరికే ఇచ్చే కలం" అనేది. గడియారం చూపిస్తే, "నకిలీది, ఎవడు అంటగట్టాడు నీకు?" అనేది. ఆ పిల్ల మొదట్లో తికమక పడి నన్ను పక్కకి పిలిచింది.

"ఆంటీ, ఈమె ఎప్పుడూ ఇంతేనా? మతి తప్పితే నాకెలా తెలుస్తుంది?"

"ఇంతేనమ్మా. ఇంతకంటే ఘోరం కూడా" అన్నాను.

కొన్నాళ్లకి జ్వరం వచ్చింది. వస్తుందని ముందే చెప్పారు కాబట్టి డాక్టరు కంగారు పడలేదు. కణాలు పని మొదలుపెట్టాయంది. పొద్దున పరీక్షలో వాండాకి పదికి పది మార్కులు. మధ్యాహ్నం నేను బార్లీ సూప్ తీసుకుని వెళ్లాను. దిండ్లు సర్ది కూర్చోబెట్టి, ఒక చెంచా నోట్లో పెట్టాను. ఆమె మింగింది. నా మొహంలోకి చూసింది. ఎంతో మెత్తగా నవ్వింది.

"ఎంత బాగుందే రీటా. నీకు చాలా శ్రమ పెడుతున్నాను. థాంక్స్ తల్లీ."

నా చేతిలో చెంచా జారి దుప్పటి మీద పడింది.

నేను నడవాలోకి పరిగెత్తాను. "మారిసెల్! త్వరగా రా! మా వదినకి ఏదో అయింది!"

"ఏమైందాంటీ? మూర్ఛా?"

"నాకు థాంక్స్ చెప్పింది!"

వేరే నర్సయితే నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేదేమో. మారిసెల్ చేతిలో పని పక్కన పడేసి వచ్చింది. కలం చూపించింది. "ఎంత అందమైన కలమో" అంది వాండా. మారిసెల్ నా వైపు చూసింది. కాగితం ఇచ్చింది. అక్షరాలు గీత దిగి కిందికి జారిపోతున్నాయి. రీటా చేసే పీరోగీలు చాలా బాగుంటాయి అని రాసింది. వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే, వంద, తొంభై, ఎనభై, ఎనభై, ఎనభై అంటూ అక్కడే ఆగిపోయింది. ఆగిందని ఆమెకి తెలియలేదు.

ఆ తరవాత గదినిండా మనుషులు. డాక్టర్ ఫెన్విక్ పరుగున వచ్చింది. నెత్తి మీది బుడిపెలోకి సూది గుచ్చి, పేరుకున్న నీరు కొంత తీసి ఒత్తిడి తగ్గించింది. వాపు తగ్గే మందులు ఎక్కించారు. నన్ను బయటికి పంపారు. కబురు తెలిసి వచ్చిన స్టాన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏం జరిగింది?"

"నా సూప్ బాగుందందిరా" అన్నాను. ఆ కంగారులో మొగుణ్ణి 'రా' అన్నానని కూడా తెలియలేదు.

స్టాన్ గోడ వెంబడే జారి నేల మీద కూర్చున్నాడు. "అయ్యో అక్కా! ఇక దక్కదే రీటా, ఇక దక్కదు" అన్నాడు. అలా అన్నాక తనకే నవ్వొచ్చింది. నవ్వు ఏడుపయింది. ఏది ఏదో తనకే తెలియకుండా భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, నేను పక్కన కూర్చుని అతని తల ఒళ్లో పెట్టుకున్నాను.

ఆ తరవాతి రోజు గురించి నవ్వుతూ చెప్పలేను. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ మేం వాటిలో లేం. వేళ్లు దుప్పటి అంచుని లాగుతూనే ఉన్నాయి. పిలిస్తే పలకదు. ఆ నోరు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను భరించలేకపోయాను. చెవి దగ్గర వంగి, "వదినా, లే. నన్ను తిట్టు. నా చెప్పులు చూడు, ఎంత అసహ్యంగా ఉన్నాయో. చూసి ఏదో ఒకటి అను" అని బతిమాలాను. ఆమె దుప్పటి లాగుతూనే ఉంది. డాక్టర్ ఫెన్విక్ కూడా ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. కిటికీ దగ్గర నిలబడి చిప్స్ పొట్లం తింటూ మాటిమాటికీ మంచం వైపు చూసేది.

మందులు పనిచేశాయి. తరవాతి సాయంత్రం టీవీలో బేస్‌బాల్ ఆట వస్తోంది. స్టాన్ సౌండు తగ్గించి చూస్తున్నాడు. డాక్టరు వచ్చి మంచానికీ టీవీకీ మధ్య నిలబడి కాగితాలు తిరగేస్తోంది.

"స్తంభం గారూ, కాస్త పక్కకి జరగండి" అని వినిపించింది మంచం మీంచి.

డాక్టరు చటుక్కున పక్కకి జరిగి, కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. మారిసెల్ వాళ్ల భాషలో ఏదో అరిచి నన్ను వాటేసుకుంది.

కొన్నాళ్లాగి, మనిషి కుదుటపడ్డాక, నేను అడక్కుండా ఉండలేకపోయాను. "వదినా, ఆ రోజు నాకు థాంక్స్ చెప్పావు. గుర్తుందా?"

"మతి పోయినప్పుడు వంద అంటారు. డాక్టర్లే రాసుకున్నారుగా, మతి పోయిందని."

"సూప్ కూడా బాగుందన్నావు."

"అయితే బాగా పోయినట్టుంది" అని అటు తిరిగి పడుకుంది.

స్కాన్ తీశారు. డాక్టరు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. పాత దాంట్లో కోడిగుడ్డంత తెల్లమచ్చ. కొత్తదాంట్లో ఆ చోట బఠాణీ గింజంత. స్టాన్ వంగి, ముక్కు తెరకి ఆనించి మరీ చూశాడు. డాక్టరు తన సంతోషాన్ని పళ్ల మధ్య పట్టుకుని మాట్లాడింది. వేరేవాళ్లలోనూ ఇలా తగ్గిందనీ, కొందరిలో నిలబడిందనీ, కొందరిలో తిరిగి వచ్చిందనీ, ఎందుకో ఇంకా తెలియదనీ చెప్పింది.

"తెలియదని ఇన్నిసార్లు చెప్పే డాక్టర్ని నేను ఎక్కడా చూడలేదు" అంది వాండా. ఆమె నోట్లోంచి అది పెద్ద పొగడ్తే. డాక్టరుకి ఆ సంగతి తెలిసినట్టే ఉంది, చెవులు ఎర్రబడ్డాయి.

ఎడమ చేతికి పట్టు వచ్చింది. చలి మొదలయ్యేదాకా వాండా వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, కార్లు ఎలా పార్క్ చెయ్యాలో వచ్చేపోయేవాళ్లందరికీ నేర్పింది. నా పెళ్లిరోజుకి కేకు తెచ్చి, అది కొన్న కొట్టువాడు దొంగ అని చెప్పి ఇచ్చింది. చలికాలం చివర్లో స్కాన్‌లో ఇంకోచోట చిన్న మచ్చ కనిపించింది. ఫ్రీజర్‌లో ఆమె కణాలు ఇంకా దాచి ఉంచారు. బుడిపె ఎలాగూ నెత్తి మీదే ఉంది. మళ్లీ మొదలుపెట్టారు.

అలా వెళ్లిన ఒకరోజు, వేచి ఉండే గదిలో డెల్‌బర్ట్ అని లాంకాస్టర్ వైపు పాల ట్యాంకరు నడిపేవాడు కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. చేతిలో టోపీని నలిపి నలిపి గుడ్డపేలిక చేశాడు. ఇదే ప్రయోగంలో చేరబోతున్నాడు. ఇద్దరూ ఒకే జబ్బువాళ్లని మారిసెల్ ద్వారా తెలిసి, వాండా పక్కకి జరిగాడు.

"అమ్మా, ఎలా ఉంటుందండీ అది?"

"జ్వరం వస్తుంది. తలకాయ ఎవరిదో అయిపోతుంది. నీకెవరున్నారు?"

"మా ఆవిడ ఉందండీ. చాలా ప్రేమ."

"ప్రేమ పనికిరాదు. నువ్వు మంచిగా మాట్లాడితే మురిసిపోయి ముద్దు పెట్టుకుంటుంది, అవతల నీ మెదడు వాచిపోతుంటుంది. నీకు గిట్టనివాళ్లు ఎవరూ లేరా?"

డెల్‌బర్ట్ చాలాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "మా అత్తగారున్నారండీ."

"ఫోన్ చెయ్."

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. టోపీ పెట్టుకుని, నడవాలోకి వెళ్లి, నిజంగానే ఫోన్ చేశాడు. "అత్తయ్యా, నేను డెల్‌బర్ట్‌ని. కాదు, డబ్బు కోసం కాదు. మీరు ఆసుపత్రిలో నా దగ్గర ఉండాలి. లేదు, నేను తాగలేదు" అనడం మాకు వినిపించింది. వాండా కళ్లు మూసుకుని వింటూ, భుజాలు ఊగేలా నవ్వింది.

ఆ నెల స్కాన్‌లో ఆమె కొత్త మచ్చ పెరగలేదు, తగ్గలేదు. పెరగకపోవడం మంచి కబురే అంది డాక్టర్ ఫెన్విక్. వచ్చే నెల ఎలా ఉంటుందో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో కారు ఆపించి, వాండా నిమ్మకాయ ఐస్ తెప్పించుకుంది. స్టాన్‌కి చెర్రీది, నాకు ఏది కావాలో అడక్కుండా నిమ్మకాయదే. అద్దాలు దించుకుని, కార్లోనే కూర్చుని తిన్నాం. బయట ఎండ బాగుంది. ముగ్గురి నాలుకలూ చల్లగా మొద్దుబారిపోయాయి.